బెల్‌ఫాస్ట్‌కి రెండు ఎయిర్‌పోర్టులు: ఏది మేలు?

ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ నగర జనాభా మూడున్నర లక్షలకు అటూ ఇటూ ఉంటుంది. అయినా దానికి రెండు ఎయిర్‌పోర్టులు. ఒకటి జార్జ్ బెస్ట్ బెల్‌ఫాస్ట్ సిటీ. ఊళ్లోనే, ఓడరేవు పక్కన, సముద్రపు పాయ ఒడ్డున ఉంటుంది. రెండోది బెల్‌ఫాస్ట్ ఇంటర్నేషనల్. ఊరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో, పొలాల మధ్య ఉంటుంది. పాత పేరు ఆల్డర్‌గ్రోవ్.

వయసులో ఆల్డర్‌గ్రోవే పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో సైనిక విమానాల కోసం మొదలైంది. సిటీ ఎయిర్‌పోర్టును 1938 మార్చిలో అప్పటి బ్రిటన్ ప్రధాని నెవిల్ చాంబర్లేన్ భార్య ప్రారంభించారు. మరుసటి ఏడాదే యుద్ధం రావడంతో ప్రయాణికుల మాట పక్కకు పోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆ రన్‌వేని పక్కనే ఉన్న షార్ట్ బ్రదర్స్ విమానాల ఫ్యాక్టరీ వాడుకుంది. 1963లో ఆల్డర్‌గ్రోవ్ ఊరి ప్రధాన ఎయిర్‌పోర్టు అయింది. 1983లో సిటీ మళ్లీ ప్రయాణికులకు తెరుచుకుంది. 2006లో దానికి ఆ ఊళ్లో పుట్టిపెరిగిన ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ పేరు పెట్టారు.

అసలు తేడా అంతా రన్‌వే దగ్గరే ఉంది. సిటీది 1829 మీటర్లు, ఆల్డర్‌గ్రోవ్‌ది 2780 మీటర్లు. బరువు పెరిగేకొద్దీ విమానం గాల్లోకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. రన్‌వే చాలకపోతే ప్రయాణికులనో, సామాన్లనో, ఇంధనాన్నో తగ్గించుకోవాల్సిందే. ఇది ఎంత దాకా వెళ్తుందో చెప్పడానికి లండన్ సిటీ ఎయిర్‌పోర్టు మంచి ఉదాహరణ. అక్కడి రన్‌వే 1508 మీటర్లే. 2009 నుంచి 2020 దాకా బ్రిటిష్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచి న్యూయార్క్‌కి 32 సీట్ల విమానం నడిపింది. పూర్తి ఇంధనంతో లేవలేదు కాబట్టి ముందు ఐర్లాండ్‌లోని షానన్‌లో దిగి ట్యాంకు నింపుకునేది. ఆ లోపు ప్రయాణికులు అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తి చేసుకునేవాళ్లు. తిరుగు ప్రయాణంలో మాత్రం నేరుగా లండన్ వచ్చేసేది. ఇంధనం నింపుకోవడానికి ఆగిన సమయాన్ని ఇంత చక్కగా వాడుకోవడం నాకు భలే నచ్చింది.

బెల్‌ఫాస్ట్ సిటీలో కథ అంత సాఫీగా సాగలేదు. రన్‌వే పొడిగింపు నిర్ణయం ఆలస్యమవుతోందని 2010లో ర్యాన్‌ఎయిర్ అనే విమాన సంస్థ అక్కడి నుంచి వెళ్లిపోయింది. పొడిగించాల్సింది అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చుట్టూ ఇళ్లున్న చోట రన్‌వే పొడవు పెరిగితే వచ్చేవి ఇంకా పెద్ద, ఇంకా బరువైన విమానాలే. ఇప్పుడు అక్కడ విమానాల షెడ్యూలు ఉదయం 6:30 నుంచి రాత్రి 9:30 వరకే. వీలైనంత వరకు ఇళ్ల మీదుగా కాకుండా సముద్రపు పాయ వైపు నుంచే దిగాలి, లేవాలి అన్న నియమమూ ఉంది. రాత్రిపూట పిల్లలు నిద్రపోవాలి కదా! ఆ కాస్త నిశ్శబ్దానికి ఊరు కట్టే ధరే ఆ పొట్టి రన్‌వే.

అందుకే నా లెక్క ప్రయాణాన్ని బట్టి మారుతుంది. పొద్దున లండన్‌కో మాంచెస్టర్‌కో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలంటే సిటీయే మేలు, ఇందులో రెండో మాట లేదు. గంట ప్రయాణానికి ఊరు దాటి అంత దూరం ఎయిర్‌పోర్టుకి వెళ్లడం దండగ. సిటీకి దగ్గర్లోనే సిడెన్‌హామ్ రైల్వే స్టేషన్ కూడా ఉంది.

కుటుంబమంతా పెట్టెలతో స్పెయిన్‌కి సెలవులకు వెళ్తున్నా, అర్ధరాత్రి దిగాల్సి ఉన్నా ఆల్డర్‌గ్రోవ్‌కే వెళ్లండి. అది 24 గంటలూ తెరిచే ఉంటుంది. 2005 నుంచి 2017 జనవరి దాకా మధ్యలో ఎక్కడా దిగకుండా నేరుగా న్యూయార్క్ వెళ్లే విమానం నడిచిందీ ఆల్డర్‌గ్రోవ్ నుంచే.

దాని పెద్ద లోటు దారి. బస్సు ఉంది, కారుంది, రైలు లేదు. దగ్గర్లోంచే లిస్‌బర్న్–ఆంట్రిమ్ రైలు పట్టాలు వెళ్తున్నా, 2003 నుంచి వాటి మీద ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ఆ పట్టాల మీద మళ్లీ రైలు నడిచి, ఎయిర్‌పోర్టు దగ్గర ఓ స్టేషన్ వస్తే, లండన్ ప్రయాణానికి కూడా నేను ఆల్డర్‌గ్రోవ్ పేరు చెప్తానేమో.