నా డొమైన్‌ని నన్నే వేలంలో పాడుకోమన్నారు, జాగ్రత్త

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

ఏ రిజిస్ట్రార్ (డొమైన్, అంటే సైటు అడ్రసు పేరు, అమ్మే కంపెనీ) అని అడక్కండి. మనలో సగం మంది అక్కడే కొన్నారు, మునుపటి చిన్న కంపెనీని మింగేసిన ఆ పెద్ద కంపెనీయే. 14 ఏళ్ళుగా నడుపుకుంటున్న సైటు. గడువు రాగానే కార్డు నుంచి దానంతటదే డబ్బు కట్టేసే ఆటో రెన్యువల్ ఆన్‌లోనే ఉంది. కంపెనీ చేతులు మారినప్పుడు ఖాతాలు అటు వెళ్ళాయి, నా కార్డు మాత్రం వెళ్ళలేదు. పేజీలో పచ్చ టిక్కు నిక్షేపంగా వెలుగుతోంది, అది చూసుకుని నేనూ నిశ్చింతగా ఉన్నా. గడువు దాటిపోయింది.

నోటీసులు రాలేదా అంటారా? నెల ముందొకటి, వారం ముందొకటి, గడువు ముగిశాక 5 రోజుల్లోపు ఇంకొకటి పంపాలని ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే అంతర్జాతీయ సంస్థ) నియమం. మొదటి రెండూ వచ్చాయి. వాళ్ళు రోజూ పంపే ‘మీ కోసమే ఈ ఆఫర్’ మెయిళ్ళ వేషంలో వచ్చాయి, అదే రంగు, అదే బటన్. ఆ గోల పడలేక ఎప్పుడో ఫిల్టర్ పెట్టేశా. ఇక మూడోదాని దగ్గర తిట్టుకోవాల్సింది నన్నే. ఖాతాకిచ్చిన మెయిల్ ఐడీ ఆ డొమైన్‌దే! డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది కదా. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్న మేధావిని. పైగా రెండు వారాలు ఒక్క మెయిలూ రాకపోతే, అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నా. పాత పాఠకులొకరు ‘మీ సైటులో ఈ చెప్పుల ప్రకటనలేంటండీ’ అని మెసేజ్ పెడితే గానీ తెలీలేదు.

రాత్రంతా కూర్చుని చదివా. డాట్ కామ్ పేరుని రిజిస్ట్రార్ డిలీట్ చేశాక కూడా 30 రోజులు రిడెంప్షన్ (పోగొట్టుకున్నవాళ్ళు వెనక్కి తెచ్చుకునే గడువు) ఉంటుంది, ఆపైన 5 రోజులు పెండింగ్ డిలీట్ (పూర్తిగా తుడిచేసే ముందు ఆగే గడువు), అది కూడా అయ్యాకే ఎవరైనా కొనుక్కునేలా పేరు బయటికొస్తుంది. జరిమానా కట్టి తెచ్చుకుందాంలే అని ధైర్యంగా చాట్‌లోకి వెళ్ళా. బాట్ మూడుసార్లు ‘కొత్త డొమైన్ కొంటారా?’ అంది. ‘మనిషి కావాలి’ అని టైపు చేస్తే 40 నిమిషాలకి మనిషొచ్చాడు.

‘మీ డొమైన్ ప్రస్తుతం మా వేలంలో ఉందండి.’

‘30 రోజుల రిడెంప్షన్ ఉంటుంది కదా?’

‘అది డిలీట్ అయిన పేర్లకండి. మేము డిలీట్ చేయలేదు.’

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. డిలీట్ చేస్తే ఆ 30 రోజులు నావి. అందుకని డిలీట్ చేయరు! గడువు దాటాక రిజిస్ట్రార్ చేతిలో 45 రోజుల దాకా వెసులుబాటు ఉంటుంది, అందులోనే పాటకి పెట్టేశారు. షరతుల్లో ఉందట, నేను ‘అంగీకరిస్తున్నాను’ నొక్కానట. నొక్కాను, ఎవడు చదివాడు గనక.

‘మరి నన్నేం చేయమంటారు?’

‘మీరు కూడా వేలంలో పాల్గొనవచ్చండి. ఆల్ ది బెస్ట్!’ పక్కన చేతులు జోడించిన బొమ్మ.

ఆల్ ది బెస్టట! ఆ పేరుకి విలువంటూ ఏదైనా ఉంటే అది నా 14 ఏళ్ళ రాతల వల్ల వచ్చింది. దానికి నేనే పాట పాడాలి, సొమ్ము వాళ్ళ జేబులోకి. చాట్ మూయగానే ‘మా సేవ ఎలా ఉంది?’ అని అయిదు నక్షత్రాలు ప్రత్యక్షం. ఒకటి నొక్కితే ‘ధన్యవాదాలు, మీ అభిప్రాయం మాకు అమూల్యం.’

సిగ్గు లేకుండా పాడాను కూడా. నేను ఒక మెట్టెక్కితే అవతల ఎవరో, లేక ఏ ప్రోగ్రామో, క్షణంలో రెండెక్కుతోంది. మూడో రోజు వదిలేశా.

మునుపటి చిన్న కంపెనీ యజమాని ఉన్నప్పుడు ఇలాగే ఒకసారి కట్టడం మర్చిపోతే, ‘మీ సైటు ఆపడం ఇష్టంలేక వారం ఆగాను, చూసుకోండి’ అని ఆయనే మెయిల్ రాశాడు, కింద సొంత పేరుతో. ఇప్పుడు పేర్లు లేవు, ‘టీమ్’ ఉంది. ఉచితంగా పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ 2009లో, స్నేహితుల సైటు ఆర్కుట్ 2014లో మూతపడ్డాయి. అవి నయం, పోతున్నామని నెలల ముందే చెప్పి మరీ పోయాయి. అప్పుడు ‘సొంత డొమైన్ ఉంటే ఈ బెడదే ఉండదు’ అని పదిమందికి నీతులు చెప్పిన పెద్దమనిషిని నేనే. ఏటేటా అద్దె కట్టేదాన్ని సొంతం అనుకున్నా చూడండి.

సరే, మీరైనా ఖాతాకి వేరే డొమైన్ మెయిల్ ఇవ్వండి. గడువు తేదీ మీ క్యాలెండర్‌లో మీరే రాసుకోండి. పదేళ్ళ దాకా ఒకేసారి కట్టేయొచ్చు, కట్టేయండి. రాతలకి కాపీ దాచుకోండి. నావి సగం వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల కాపీలు దాచే సైటు) దొరికాయి, మిగతా సగానికి నీళ్ళొదిలా.

అసలు తలనొప్పి ఇప్పుడు మొదలైంది. ఆ ఐడీతో తెరిచిన ఖాతాలన్నిటి పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్ళూ ఇకపై ఆ పాట గెలిచినవాడి దగ్గరికే వెళ్తాయి. రెండు రోజులుగా కూర్చుని ఒక్కో సైటులో ఐడీ మారుస్తున్నా. సగం సైట్లు ఏమంటున్నాయో తెలుసా? ‘నిర్ధారణ కోసం మీ పాత ఐడీకి కోడ్ పంపాం, ఇక్కడ టైపు చేయండి.’