కలలు గుర్తుండాలి, నిద్ర చెడకూడదు: బి6, గాలంటమైన్, కెఫీన్‌లలో ఏది మేలు?

జ్ఞాపకశక్తికీ ఏకాగ్రతకీ సప్లిమెంట్లు వాడేవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "ఇది మొదలుపెట్టాక కలలు బాగా గుర్తుంటున్నాయి." మెదడు చురుకైందనడానికి అదే గుర్తని సంబరపడతారు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. ఆ కల గుర్తుండటానికి రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?

స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశలో. అది సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారుజాము దగ్గరపడేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. అప్పుడు మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బాగా పెరుగుతుంది. అయితే కల రావడం వేరు, అది పొద్దునదాకా నిలవడం వేరు. నిలవాలంటే మధ్యలో కాస్త మెలకువ రావాలి. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన పరిశోధనల్లో, కలలు బాగా గుర్తుండేవాళ్లు నిద్ర మధ్యలో సగటున 30 నిమిషాలు మేలుకుని ఉన్నారు. అరుదుగా గుర్తుండేవాళ్లు సుమారు 15 నిమిషాలే. అంటే కలత నిద్ర పోయినా కలలు గుర్తుంటాయి! అందుకే ఏ సప్లిమెంటునైనా ఈ ఒక్క లెక్కతో మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

బి6 విటమిన్ సంగతి కొంచెం నయం. 2018లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం 100 మందితో చేసిన అధ్యయనం వెలువడింది. పడుకునే ముందు 240 మిల్లీగ్రాముల బి6 ఐదు రోజులు వేసుకున్నవాళ్లకు కలల్లోని విషయం ఎక్కువగా గుర్తుంది. కలల స్పష్టతలో, రంగుల్లో, వింతదనంలో మాత్రం తేడా రాలేదు. నాకు ముఖ్యంగా కనిపించింది మరొకటి: అదే అధ్యయనంలో, రకరకాల బి విటమిన్లు కలిపిన బి కాంప్లెక్స్ వేసుకున్నవాళ్లు నిద్ర సరిగా పట్టలేదనీ, లేచాక అలసటగా ఉందనీ చెప్పారు. కాబట్టి 'బి విటమిన్లే కదా, ఏదైనా ఒకటే' అనుకోకూడదు. పైగా 240 మిల్లీగ్రాములంటే చిన్న మోతాదు కాదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. పెద్ద మోతాదు నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కవచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజువారీ పరిమితిని 12 మిల్లీగ్రాములకు తగ్గించింది.

గాలంటమైన్ బలం వేరే స్థాయిది. ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది, దాంతో రెమ్ నిద్ర మీద నేరుగా పనిచేస్తుంది. 2018లోనే వచ్చిన మరో అధ్యయనంలో 121 మంది పాల్గొన్నారు. 'ఇది కల' అని కలలోనే తెలిసిన కలలు మందు లేని ఉత్తుత్తి మాత్రతో 14 శాతం మందికి, 4 మిల్లీగ్రాములతో 27 శాతం మందికి, 8 మిల్లీగ్రాములతో 42 శాతం మందికి వచ్చాయి. కలలు గుర్తుండటమూ మెరుగుపడింది. అంకెలు చూస్తే ఆశ పుడుతుంది, నిజమే. కానీ వాళ్లు నాలుగున్నర గంటలు నిద్రపోయాక లేచి, మాత్ర వేసుకుని, కనీసం అరగంట మేలుకుని, 'ఇది కల అని గుర్తించాలి' అని మనసుకు సాధన చేయించి మళ్లీ పడుకున్నారు. ఆ పద్ధతికే నిద్ర తెగాలి. పైగా ఇది అల్జీమర్స్‌కు ఇచ్చే మందు. వికారం, వాంతులు, గుండె వేగం తగ్గడం దీని దుష్ఫలితాలు. సప్లిమెంటుగా అమ్మే హుపర్‌జీన్ ఏ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది, ఒంట్లో చాలా గంటలు ఉంటుంది. 'మొక్క నుంచి తీసిందే కదా' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

కెఫీన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013 నాటి అధ్యయనం చూపింది. అందులో పాల్గొన్నవాళ్లు డైరీల్లో రాసుకున్న నష్టం మాత్రం అంతకంటే తక్కువ. నిద్ర ఎంత పోయిందో మనకే సరిగా తెలియదన్నమాట. కెఫీన్ కావాలంటే పొద్దున్నే.

ఇక ఏది మేలు? కలలు గుర్తుండటమే కావాలంటే ముందు మంచం పక్కన ఒక నోట్‌బుక్కు పెట్టుకోండి. మెలకువ రాగానే కదలకుండా, ఫోన్ చూడకుండా కలను ఒకసారి తలచుకుని రాసుకోండి. త్వరగా పడుకుని చివరి గంటల నిద్రను కాపాడుకోండి, రెమ్ నిద్రలో పెద్ద భాగం అక్కడే ఉంది. కొన్ని వారాలు ఇలా చేసినా చాలకపోతే, విడి బి6ను డాక్టరుతో మాట్లాడి కొద్ది రాత్రులు మాత్రమే ప్రయత్నించవచ్చు. ఆ రోజుల్లో కలలతో పాటు పొద్దున లేచినప్పటి హుషారు కూడా రాసుకోండి. హుషారు తగ్గుతుంటే ఆపేయండి. గాలంటమైన్, హుపర్‌జీన్ మాత్రం సరదాకి వద్దనే అంటాను.

ఇంట్లో పెద్దవాళ్లు మతిమరుపుకు డోనెపెజిల్ లాంటి మందు రాత్రిపూట వేసుకుంటూ పీడకలలతో ఉలిక్కిపడి లేస్తుంటే, మందు మీరే మానిపించకండి. డాక్టరుకు చెప్పండి. చాలాసార్లు దాన్ని పొద్దుటికి మారిస్తే సరిపోతుంది.