జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్లు జాగ్రత్త: గుమ్మం దగ్గర టాబ్‌లో సంతకం పెట్టకండి

మా ఇంట్లో టీవీ లేదు. అయినా కేబుల్ టీవీకి రెండేళ్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఆయన కూడా ఇప్పుడు నవ్వుతున్నారు. మొదటి నెల మాత్రం నవ్వలేదు.

మేముండేది మాగ్డెబుర్గ్‌లో. నేను 2024 ఏప్రిల్‌లో వచ్చాను. రాకముందే హైదరాబాద్‌లో జర్మన్ భాష మొదటి మెట్టు ఏ1 పాసయ్యాను. ఏ1 అంటే తెలుసుగా, పేరు, ఊరు, రైలు ఎన్నింటికి, రెండు బ్రెడ్లు ఇవ్వండి. అంతవరకూ బాగానే మాట్లాడతాను. అదే కొంప ముంచింది. ఒక్క ముక్క కూడా రాకపోయి ఉంటే భయపడి తలుపు వేసేసేదాన్ని.

జులై మొదటి వారం, సాయంత్రం ఆరింటప్పుడు బెల్ మోగింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో టాబ్, చక్కటి నవ్వు. "గూటెన్ ఆబెండ్, ఫ్రావ్..." అంటూ మా ఇంటిపేరు పెట్టి పిలిచాడు. మన ఇంటిపేర్లు వీళ్లకి నోరు తిరగవు, పాపం కష్టపడి పలికాడు. మా వివరాలు తెలిసినవాడే, ఓనర్ పంపి ఉంటాడు అనుకున్నాను. కింద బెల్ పక్కన మా ఇంటిపేరు రాసే ఉందని నాకు అతను వెళ్లిపోయాక గానీ వెలగలేదు.

అతను చెప్పినదాంట్లో నాకు అర్థమైనవి నాలుగే మాటలు: జులై, కేబుల్, టీవీ, "మ్యుస్సెన్". అంటే తప్పనిసరి. ఇందులో సగం నిజమే ఉంది. అంతకుముందు చాలా ఇళ్లలో కేబుల్ టీవీ డబ్బు నెబెన్‌కోస్టెన్‌లోనే, అంటే అద్దె మీద కట్టే అదనపు ఖర్చుల్లోనే కలిపి అద్దెతోపాటు వసూలు చేసేవాళ్లు. 2024 జులై 1 నుంచి అలా కలపడం కుదరదు. కేబుల్ కావాల్సినవాళ్లు విడిగా తీసుకోవాలి, అక్కర్లేనివాళ్లు ఊరుకోవచ్చు. ఆ "ఊరుకోవచ్చు" అన్న ముక్క అతను మింగేశాడు.

దానికితోడు, టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల రుండ్‌ఫుంక్‌బైట్రాగ్, అంటే ప్రభుత్వ రంగ రేడియో, టీవీల చందా, కట్టాల్సిందేనని మా ఆయన అప్పటికే చెప్పి ఉన్నారు. ఇదీ అదే కాబోలు అనుకున్నాను. కాదండీ, ఆ రెండిటికీ సంబంధమే లేదు. రుండ్‌ఫుంక్‌బైట్రాగ్‌కి ఉత్తరం వస్తుంది, టాబ్ పట్టుకుని ఎవరూ రారు.

ఇంకో సంగతి. మనకి ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల ఊపుతూ "ఆఁ... ఆఁ..." అనడం అలవాటు. వింటున్నాను, చెప్పండి అని మన అర్థం. అతనికి అది "యా, యా", అంటే అవును, అవును అని వినిపించింది. నేను ఊకొట్టిన ప్రతిసారీ అతను టాబ్‌లో ఒక గడి టిక్ చేసుకుంటూ పోయాడు. ఈమెయిల్ అడిగాడు, ఇచ్చాను. మెయిల్ వస్తే అందులో ఉన్న బటన్ నొక్కమన్నాడు, నొక్కాను. బ్యాంక్ కార్డు చూపించమన్నాడు, డ్రాయర్‌లోంచి తీసి చూపించాను. చివరికి వేలితో సంతకం. మొత్తం పావుగంట.

వారం తర్వాత ఒక లావుపాటి కవరు వచ్చింది. మొదటి పేజీని ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చేసి చూశాను. మా కుటుంబంలోకి స్వాగతం అని ఉంది. సంతోషం అనుకుని మిగతా పేజీలు తిప్పకుండా సూపర్ మార్కెట్ పేపర్లతో కలిపి పడేశాను. రద్దు చేసుకోవడానికి ఎన్ని రోజులు గడువుందో నాలుగో పేజీలో ఉందట.

అక్టోబర్ మొదట్లో మా ఆయన అకౌంట్ చూస్తూ "ఈ 39.99 ఏంటి?" అన్నారు. ఇంటర్నెట్, ఫోన్, టీవీ కలిపిన ప్యాకేజీ, 24 నెలలు. మాకు అప్పటికే వేరే కంపెనీ ఇంటర్నెట్ నెలకు 34.99కి ఉంది, అది 2025 మార్చి దాకా తెగదు.

ఇక్కడ రెండో తప్పు చేశాం. ఆటోమేటిక్‌గా కట్ అయిన డబ్బును ఎనిమిది వారాల లోపు బ్యాంక్ యాప్ నుంచే వెనక్కి తెప్పించుకోవచ్చని ఎవరో చెప్పారు. నిజమే, వచ్చింది. పీడ వదిలిందనుకున్నాం. కాంట్రాక్ట్ అలాగే ఉండగా డబ్బు మాత్రం లాక్కుంటే దాన్ని బాకీ అంటారు. రెండు వారాల్లో మానుంగ్, అంటే బాకీ కట్టమనే హెచ్చరిక ఉత్తరం వచ్చింది, ఫైన్‌తో సహా. దాన్నీ పట్టించుకోకపోతే ఇన్కాసోకి, అంటే బాకీలు వసూలు చేసే కంపెనీకి వెళ్తుంది, అక్కణ్నుంచి షూఫా దాకా, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. అక్కడ మన రికార్డు పాడైతే రేపు ఇల్లు మారాలన్నా ఓనర్లు ఇవ్వరు. ఆ నెలంతా పోస్ట్ డబ్బా తెరవాలంటేనే టెన్షన్.

చివరికి ఫెర్‌బ్రౌహర్‌త్సెంట్రాలెకి వెళ్లాం. వినియోగదారుల సలహా కేంద్రం అనుకోండి. ఫీజు తీసుకుంటారు, కానీ ఆ డబ్బు దండగ కాదు. అక్కడి మేడమ్ ముందుగా అడిగింది ఒకటే: సంతకానికి ముందు కాంట్రాక్ట్ సారాంశం మీ చేతికి వచ్చిందా, దానికి మీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నారా? ఇంటర్నెట్, ఫోన్ కాంట్రాక్టులకు అది ఉండి తీరాలట. నేను మెయిల్‌లో నొక్కిన బటన్ అదే. గడువు దాటిపోయింది, బటన్ నొక్కేశాను, ఇక చేసేది పెద్దగా లేదన్నారు. పాత కనెక్షన్‌కి క్యుండిగుంగ్, అంటే ఆపేయమని ఉత్తరం పంపి, ఆగస్టు నుంచి మార్చి దాకా రెండు బిల్లులూ కట్టాం. ఫైన్లతో కలిపి 300 యూరోలు పోయాయి. మన లెక్కలో పాతికవేలు దాటింది.

మీరు ఇలాంటిదానికి ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే ముందు తేదీ చూసుకోండి. గుమ్మం దగ్గరో, ఫోన్‌లోనో, ఆన్‌లైన్‌లోనో చేసిన కాంట్రాక్ట్‌ను మామూలుగా 14 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. దాన్ని వీడర్రూఫ్ అంటారు. కారణం చెప్పక్కర్లేదు. "హియర్‌మిట్ వీడర్రూఫె ఇష్ డెన్ ఫెర్ట్రాగ్" అని ఒక్క వాక్యం, కింద కస్టమర్ నంబరు, తేదీ, సంతకం. ఐన్‌ష్రైబెన్‌లో, అంటే రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి. 14వ రోజు లోపల పంపితే చాలు, వాళ్లకి ఆ తర్వాత చేరినా చెల్లుతుంది. అసలు ఈ హక్కు ఉందని వాళ్లు మీకు సరిగ్గా రాసి ఇవ్వకపోయి ఉంటే గడువు ఇంకో 12 నెలలు పెరుగుతుంది. అందుకే ఏ కవరూ పారేయకండి, చివరి పేజీ దాకా ఫొటోలు తీసి చదవండి.

షాపులోకి మనమే నడిచి వెళ్లి చేసుకున్న సిమ్ కాంట్రాక్ట్‌కీ, జిమ్ మెంబర్‌షిప్‌కీ మాత్రం ఈ 14 రోజుల హక్కు లేదు. అక్కడ "పేపర్ ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాను" అనండి.

కరెంటు వాళ్లమని వచ్చి మీటర్ నంబర్ అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ నంబర్ చేతికొస్తే మిమ్మల్ని వేరే కంపెనీకి మార్చేసే ప్రయత్నం చేస్తారు. చెప్పకండి.

నేనిప్పుడు ఫోల్క్స్‌హోహ్‌షూలెలో, అంటే పెద్దవాళ్లు చదువుకునే బడిలో ఏ2 చదువుతున్నాను. మా టీచర్‌కి ఈ కథంతా చెబితే ఒక మాట నేర్పింది: "బిట్టె పెర్ పోస్ట్". ఏదున్నా పోస్ట్‌లో పంపండి అని.

పోయిన నెల మళ్లీ బెల్ మోగింది. మనిషి వేరు, టాబ్ మాత్రం అలాంటిదే. తలుపు సగమే తీసి ఆ మాట అన్నాను. అతను భుజాలెగరేసి పైకి మెట్లెక్కాడు. పైన కొత్తగా దిగిన ఖమ్మం అబ్బాయిలు ముగ్గురున్నారు. గబగబా ఫోన్ చేసి "తమ్ముడూ, తలుపు తీయకండి" అన్నాను. "అక్కా, వచ్చాడు, మాట్లాడుతున్నాం, ఏదో రిజిస్ట్రేషన్ అంట" అన్నాడు. పొయ్యి మీద పప్పు కట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా పైకి పరిగెత్తాను.