నీటిరంగులు, తైలవర్ణాలు: వెలుగును చూపే రెండు పద్ధతులు

చిత్రకళలో గీత, ఆకారం, రంగు ఎంత ముఖ్యమో వెలుగునీడల తారతమ్యమూ అంతే ముఖ్యం. నీటిరంగులకూ తైలవర్ణాలకూ ఉన్న అసలు తేడా అక్కడే బయటపడుతుంది. జిగురుతో కలిపిన నీటిరంగు పారదర్శకం కాబట్టి, దాని గుండా కనిపించే కాగితపు తెలుపే చిత్రంలో వెలుగవుతుంది. అందువల్ల చిత్రకారుడు ఎక్కడ రంగు వేయకూడదో ముందే నిర్ణయించుకొని, లేత పూతలతో మొదలుపెట్టి క్రమంగా ముదురు ఛాయలకు చేరాలి. ఒకసారి చిక్కబడిన నీడను మళ్ళీ పలచన చేయడం చాలా కష్టం.

తైలవర్ణాల్లో సాధారణంగా ఈ క్రమం తిరగబడుతుంది. ముదురు నీడలను ముందు పరచి, తెలుపు కలిపిన దట్టమైన రంగుతో వెలుగును చివర నిలపవచ్చు. ఇందులోని అవిసె నూనె నీటిలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రోజుల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. ఆ వ్యవధిలో అంచులను మృదువుగా కలపవచ్చు, తప్పును గీకి తీసివేయవచ్చు. అయితే పై పొరల్లో నూనె మోతాదు కింది పొరలకన్నా ఎక్కువగా ఉండాలి, లేకపోతే పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది.

దిద్దుకొనే వీలున్నందున తైలవర్ణాలే తేలికని అనిపించవచ్చు. నా అభిప్రాయంలో మాత్రం, కొత్తగా నేర్చుకొనేవారు నీటిరంగులతో మొదలుపెట్టడమే మేలు, ఎందుకంటే కుంచె కాగితాన్ని తాకకముందే వెలుగు ఎక్కడుందో వారు గమనించి తీరవలసి వస్తుంది.