కూలెంట్ ఎటు పోతుందో తేల్చే చేతి పంపు ప్రెషర్ టెస్టర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నేల మీద తడి కనబడదు, ఇంజిన్ వేడెక్కదు, పొగలో తేడా ఉండదు, అయినా నెల తిరిగేసరికి ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో (కూలెంట్ మట్టం చూసుకునే బానెట్ కింది డబ్బాలో) కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కనీస గీత కిందికి దిగిపోతుంది. అమలాపురం, రాజమండ్రి మధ్య ఎక్కువగా తిరిగే నా డీజిల్ కారుకు ఈ జబ్బు పట్టుకున్నప్పుడు, చూపించిన షెడ్డులో "హెడ్ గ్యాస్కెట్ పోయుంటుందండి, హెడ్ దింపాల్సిందే" అన్నారు, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు పోయిందని. అంత పెద్ద పనికి ఒప్పుకునే ముందు కారణం కళ్లారా చూడాలనిపించి కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ ఒకటి కొన్నాను. ఒక చేతి పంపు, ఒక గేజి, ట్యాంకు మూత స్థానంలో బిగించుకోవడానికి రకరకాల కొలతల అడాప్టర్లు, ఇంతే ఆ పెట్టెలో ఉన్నవి. అప్పటినుంచి నా కారుకూ, చుట్టాల కార్లకూ దాన్నే వాడుతున్నాను.

ఇది ఎందుకు పనికొస్తుందో అర్థం కావాలంటే మూత చేసే పని తెలియాలి. చాలా కార్ల ట్యాంకు మూత మీద 0.9, 1.1, 1.4 వంటి అంకె అచ్చువేసి ఉంటుంది, అది బార్‌లలో పీడనం. లోపల పీడనం 1 బార్ పెరిగితే మామూలు నీరు కూడా 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి కూలెంట్ ఆవిరి కాకుండా నిలుస్తుంది. చిక్కేమిటంటే, సన్నటి లీకు ఆ పీడనం ఉన్నప్పుడే, అంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే కారుతుంది, కారిన చుక్క కాలిన లోహం మీద పడి అక్కడికక్కడే ఆరిపోతుంది. బండి ఆపి బానెట్ ఎత్తేసరికి ఏ ఆధారమూ మిగలదు. చల్లటి ఇంజిన్‌లో అదే పీడనాన్ని చేత్తో సృష్టించడమే ఈ టెస్టర్ గొప్పతనం, ఎందుకంటే అప్పుడు కారిన చుక్క ఆరిపోకుండా చుక్కగానే నిలబడుతుంది.

రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే పరీక్ష చేయాలి. కాస్త వెచ్చగా ఉన్నా, చల్లారేకొద్దీ లోపలి ద్రవం కుంచించుకుపోయి ముల్లు దానంతటదే దిగుతుంది, లేని లీకు ఉందని భ్రమ కలుగుతుంది. మూత మీద రాసిన అంకె వరకే పంపు కొట్టాలి, దాన్ని దాటకూడదు. మొదట్లో రబ్బరు హోస్‌లు సాగి ముల్లు కొంచెం తగ్గుతుంది గనుక, ఇంకోసారి కొట్టి నింపి, ఆ తర్వాత పావుగంట ఆగి చూడాలి. నా కారులో ముల్లు ఒక్కసారిగా పడిపోలేదు, కదులుతోందా లేదా అన్నంత మెల్లగా దిగింది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని హోస్‌ల వెంట వెదుకుతుండగా వాటర్ పంపు ఒంటికి అడుగున ఉండే సన్న రంధ్రం దగ్గర గులాబీ రంగు చుక్క ఒకటి ఊరుతూ కనిపించింది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి రావడానికే ఆ రంధ్రం పెడతారు. చుక్క జారిన దారి పొడవునా బ్లాకు మీద అదే రంగు ఎండి పెళుసుగా పేరుకుని ఉంది. అడుగున ఉన్న ప్లాస్టిక్ తొడుగు మిగిలిన తడిని పట్టేసుకోవడం వల్ల నేల మీద ఏమీ పడలేదు. వాటర్ పంపు మార్పించాక ట్యాంకులో మట్టం నిలబడింది, హెడ్ దింపే అవసరమే రాలేదు.

మన ప్రాంతంలో దీనికి అదనపు విలువ ఉంది. కోనసీమ ఉక్కలో ఏసీ వేసుకుని తిరిగిన ఏ కారు కిందైనా నీరు ధారగా కారుతుంది, దాన్ని చూసి కూలెంట్ లీకని కంగారుపడేవాళ్లూ, నిజమైన లీకును ఏసీ నీరేనని వదిలేసేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. ఏసీ నీటికి రంగు ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా జారదు. అయినా అనుమానం ఉంటే టెస్టర్ తేల్చేస్తుంది. సఖినేటిపల్లి వైపు ఉన్న మా మేనమామ పాత కారులో, ఉప్పగా ఉండే బోరు నీటినే ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోసేవారు. ఉప్పు నీరు అల్యూమినియంను తినేస్తుంది. పంపు కొట్టగానే రేడియేటర్ పక్క ట్యాంకు అతుకు వెంట సూది మొనంత చోట్ల నీరు చిమ్మింది. డెల్టాలో కారు ఉన్నవాళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ తప్ప మరొకటి పోయవద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. పాలకొల్లులో మా బావమరిది కారుది వేరే కథ: సంక్రాంతి రోజుల చలికి తెల్లవారుజామునే హోస్ క్లిప్పు దగ్గర చెమ్మ, ఇంజిన్ వేడెక్కితే అంతా వ్యాకోచించి అతుకు మూసుకుపోయేది. చల్లటి పరీక్షలోనే అది దొరికింది, క్లిప్పు మార్చడంతో సరిపోయింది.

ఇక లోపాలు. ముల్లు దిగుతోందని ఈ పరికరం చెబుతుంది గాని, బయట తడి ఎక్కడా లేకపోతే ఎటు పోతోందో చెప్పలేదు. అప్పుడు కారు లోపలి హీటర్‌లో కారుతోందేమోనని ముందు సీటు కింది కార్పెట్ తడిమి, హీటర్ వైపు తియ్యటి వాసన వస్తుందేమో చూడాలి. డీజిల్ కార్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లోపల పగిలినా కూలెంట్ సైలెన్సర్ దారిన పోతుంది. హెడ్ గ్యాస్కెట్ విషయంలో, దహన వాయువులు తగిలితే నీలం నుంచి పసుపుకు మారే ద్రవంతో చేసే పరీక్ష వేరుగా చేయించుకోవాలి. ఆ రంగు మార్పు డీజిల్‌లో పెట్రోలులో ఉన్నంత స్పష్టంగా రాదు. బాగా వేడెక్కినప్పుడు మాత్రమే తెరుచుకునే పగుళ్లు చల్లటి పరీక్షకు దొరకవు, వాటికి కూలెంట్‌లో కలిపే యూవీ డై, ఆ రంగును మెరిపించి లీకును చూపే యూవీ (అతినీలలోహిత) టార్చి తోడుండాలి.

పరికరం నాణ్యత మీదా ఫిర్యాదు ఉంది. అడాప్టర్ల రబ్బరు సీళ్లు మన ఎండలకు గట్టిపడి, పంపు గొట్టం అతుకు దగ్గరే గాలి వదలడం మొదలైంది. కొత్త ఓ-రింగులు వేయించాను, అయినా ప్రతిసారీ ముందు టెస్టర్‌నే విడిగా నొక్కి చూసుకుంటాను. మూతను పరీక్షించే అడాప్టర్ లేని సెట్ మాత్రం కొనవద్దు, ఎందుకంటే స్ప్రింగు వదులైన మూత ఏ లీకూ లేకుండానే కూలెంట్‌ను ఆవిరిగా వదిలేస్తుంది, దాని ఖరీదేమో అన్నిటికన్నా తక్కువ.

పరీక్ష ముగిశాక అడాప్టర్ విప్పేముందు వాల్వు నొక్కి పీడనం పూర్తిగా వదలండి, వేడి ఇంజిన్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తియ్యవద్దు. కింద ఒలికిన కూలెంట్‌ను వెంటనే నీళ్లతో కడిగి తుడవండి, ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండటం వల్ల కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకమైన విషం.