సుంకి ఘాటీలో బొలెరో పికప్: ఎక్కడం సులువే, దిగడంలోనే ఉంది పని

ఒడిశాలోని సిమిలిగుడ, పొట్టంగి వైపు నుంచి సుంకి ఘాటీ మీదుగా అల్లం, క్యాబేజీ ఆంధ్రాలోని సాలూరుకో విజయనగరానికో దించే పని ఉంటే మహీంద్రా బొలెరో పికప్ 1.7 టన్నుల డీజిల్ బండి కొనుక్కోవచ్చు. ఘాటీకి ఇంజిన్ సరిపోతుంది, ఛాసిస్ గట్టిది, ఏ ఊళ్లో ఆగినా దీని పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. కానీ 1.7 టన్నుల బండిలో రెండున్నర టన్నులు వేసి, దాని కోసం వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) పెంచుదామనే ఆలోచన ఉంటే మాత్రం ఇది వద్దు, పెద్ద బండే చూసుకోండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాం.

ముందు ఇంజిన్ సంగతి. 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో, కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే పద్ధతి). తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుడు ఇచ్చే రకం కాబట్టి ఎక్కుడులో యాక్సిలరేటర్ నేలకి తొక్కి పెట్టక్కర్లేదు. బండి మూలగడం మొదలుపెట్టక ముందే గేరు దింపితే చాలు. మలుపులో ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు మీద నిలపండి, హాఫ్ క్లచ్ మీద కాదు. నిండు లోడుతో ఎక్కుడులో క్లచ్ మీద బండిని ఆపి ఉంచితే ప్లేటు కాలిన వాసన రావడానికి ఎంతోసేపు పట్టదు. పైకి చేరగానే తాళం తిప్పేయకుండా ఇంజిన్‌ని ఒక నిమిషం స్లోలో (ఐడ్లింగ్‌లో) వదలండి. టర్బో షాఫ్టుకి ఆయిల్ తిరగాలి, లేకపోతే ఆ వేడికి ఉన్న ఆయిలే మాడి బొగ్గవుతుంది.

ఇక దిగుడు. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంటే, సాలూరు 120 మీటర్ల దగ్గర ఉంది. అంటే నిండు లోడు బండి 750 మీటర్లు కిందికి దిగాలి. మూడున్నర టన్నుల బరువు అంత ఎత్తు దిగితే పుట్టే వేడి 80 లీటర్లకు పైగా చన్నీళ్లను మరగబెట్టగలదు. ఇంజిన్ ఎంత తీసుకుంటే తీసుకుంది, మిగతాదంతా బ్రేకులే మింగాలి. అందుకే పాత డ్రైవర్ల లెక్క ఇప్పటికీ సరైనదే: ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలి. గేరు కూడా దిగుడు మొదలవక ముందే వేసుకోవాలి, మధ్యలో వేద్దామంటే పడదు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. మూడు నాలుగు సెకన్లు గట్టిగా తొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలి, చల్లారనివ్వాలి. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో వదలడం, తాళం ఆపేయడం అసలు కూడని పని. ఇంజిన్ తిరిగితేనే వ్యాక్యూమ్ పంపు పనిచేస్తుంది. ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగూ బరువెక్కుతుంది. ఆ పొదుపు కూడా ఉత్తదే. గేరులో దిగుతున్నప్పుడు కాలు తీస్తే కామన్ రైల్ ఇంజిన్ డీజిల్ పంపడమే ఆపేస్తుంది, న్యూట్రల్‌లో అయితే స్లో తిరగడానికి తాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు కమాన్ పట్టీల విషయం. బండి కింద పడుకుని వెనక యాక్సిల్ దగ్గర చూస్తే, ఛాసిస్‌కి బిగించిన అరచేయంత వాల్వు, దాని నుంచి యాక్సిల్‌కి ఒక సన్నటి కడ్డీ కనిపిస్తాయి. దాన్నే ఎల్‌ఎస్‌పీవీ అంటారు. లోడు పడి ఛాసిస్ కిందికి కూర్చుంటే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. రెండు పట్టీలు అదనంగా వేయించారనుకోండి, రెండు టన్నులు వేసినా బండి కూర్చోదు. వాల్వు మాత్రం బండి ఖాళీ అనే అనుకుంటుంది. వెనక డ్రమ్ములకు ప్రెషర్ అందదు, బ్రేకు భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. డిస్కులు నీలం తిరిగి, ప్యాడ్లు గాజులా నునుపెక్కి, ఘాటీ సగంలో పట్టు వదులుతాయి. ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతున్నాయని కంపెనీని తిట్టుకునేవాళ్లు ముందు వెనక పట్టీలు లెక్కపెట్టుకోవాలి.

ఇది తెలిసిన కొందరు ఆ కడ్డీని తీగతో పైకి కట్టేసి వాల్వుని శాశ్వతంగా తెరిచి ఉంచుతారు. అది ఇంకా ప్రమాదం. వానలో ఖాళీగా తిరిగొస్తూ బ్రేకు కొడితే వెనక చక్రాలు పట్టేసి తోక అడ్డం తిరుగుతుంది. పట్టీ విరిగితే విరిగిన నంబరు పట్టీనే మార్పించండి, కొత్తది చేర్చకండి. కమాను పని అయ్యాక, కమానుని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగించాలి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగడానికి అసలు కారణం చాలాసార్లు వదులైన ఆ యూ బోల్టులే. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకి, కమాను చివర ఛాసిస్‌కి కలిపే, నిపుల్ ఉన్న షాకిళ్లకి 5,000 కిలోమీటర్లకు ఒకసారి గ్రీజు కొట్టించండి, వానాకాలంలో ఇంకా ముందే.

బ్రేకు ఆయిల్‌ని ఎవరూ పట్టించుకోరు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుని 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి పుట్టి పెడల్ నేలకి దిగిపోతుంది. పక్కన ఆపి అరగంట చల్లారనిస్తే మళ్లీ బాగానే ఉంటుంది, దాంతో ‘అదే సర్దుకుంది’ అనుకుని వదిలేస్తారు. సర్దుకోలేదు, మరుసటి దిగుడులో మళ్లీ అదే జరుగుతుంది. రెండేళ్లకు ఒకసారి మొత్తం మార్పించండి. కిందికి దిగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తగలకుండా పెట్టి వేడి పోల్చి చూడండి. ఒకవైపు చక్రమే ఎక్కువ కాగుతుంటే ఆ పక్క క్యాలిపర్ పిన్ను పట్టేసిందో, షూ వెనక్కి రావట్లేదో అయి ఉంటుంది. కాగిన డిస్కు మీద నీళ్లు మాత్రం కొట్టకండి, వంకర పోతుంది.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లకు ఇంకో పోషణ వచ్చిపడింది. సైలెన్సర్‌లోని డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకుంటుంది. అంత వేడికి ఇంజిన్ కొంతసేపు నిలకడగా లాగాలి. కుందులి సంతకి నాలుగు కిలోమీటర్లు వెళ్లి, గంట స్లోలో ఉంచి, వెనక్కి వస్తే అది ఎప్పటికీ పూర్తవదు. ఘాటీ దిగుడులోనూ కాదు, అప్పుడు ఎగ్జాస్ట్ చల్లగా ఉంటుంది. సాలూరు దాటాక రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం వెళ్లే రోడ్డు దీనికి సరిగ్గా సరిపోతుంది. 50, 60 వేగంలో ఇరవై నిమిషాలు ఆపకుండా పోనిస్తే చాలు. డీపీఎఫ్ దీపం వెలిగి ఉంటే ఆ ఇరవై నిమిషాల్లో టీకి ఆగకండి.

మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ, మసి కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ సంపులోకి జారుతుంది. అందుకే వారానికి ఒకసారి డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ తగ్గిందా అని అందరూ చూస్తారు, పెరిగిందా అని కూడా చూడాలి. మ్యాక్స్ గీత దాటి, పలుచగా, డీజిల్ వాసన వస్తుంటే గడువుతో పని లేదు, వెంటనే మార్చేయాలి. కంపెనీ పుస్తకంలో రాసిన తక్కువ బూడిద రకం ఆయిలే పోయండి. పాత లారీ ఆయిల్ చవక అని పోస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు.

డీజిల్ పంపులోనే కొట్టించండి. లోపలి ఊళ్లలో డబ్బాల్లో అమ్మేదానిలో నీరు, తుప్పు ఉండే అవకాశం ఎక్కువ, ఇంజెక్టర్లకు అదే శత్రువు. డీజిల్‌లో నీరు చేరిందని చెప్పే దీపం వెలిగితే ఇంజిన్ ఆపి, ఫిల్టర్ కింద డబ్బా పెట్టి, అడుగు స్క్రూ రెండు చుట్లు వదలండి. నీరు పోయి డీజిల్ ఒకే రంగులో రాగానే బిగించి, హ్యాండ్ ప్రైమర్ గట్టిపడే దాకా నొక్కి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ కూడా ఇంతే ముఖ్యం. గాలి కొట్టాలంటే లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే గొట్టం క్లిప్పు వదులైతే ఫిల్టర్ ఎంత కొత్తదైనా దుమ్ము నేరుగా టర్బో రెక్కలకే తగులుతుంది.

లోడు లెక్క: 60 కిలోల అల్లం బస్తాలు 28 వేస్తే 1,680 కిలోలు, అక్కడితో ఆపాలి. కడిగిన అల్లం నీరు పట్టి ఉంటుంది, బస్తాల లెక్క నమ్మకుండా కాటా వేయించండి. బరువు వెనక యాక్సిల్‌కి కొంచెం ముందుకే ఉండాలి. తోక మీద పడితే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ తేలికైపోతుంది.

కాగితాల విషయంలో ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66 ప్రకారం స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. 1.7 టన్నుల మోడల్ ఆ హద్దు దాటుతుంది, కాబట్టి ఓడీ 10 (కొరాపుట్), ఓడీ 18 (రాయగడ) నంబరు బండ్లకు ఏపీలోకి రావాలంటే నేషనల్ పర్మిట్ తీసుకోవడం మేలు. తక్కువ సరుకు మోసేవాళ్లు 1.3 టన్నుల మోడల్ ఆర్‌సీలో స్థూల బరువు ఎంత రాశారో చూసుకుని నిర్ణయించుకోవచ్చు. ఓవర్‌లోడు జరిమానా 20,000 రూపాయలు, పైన అదనపు ప్రతి టన్నుకు 2,000. అదనపు సరుకు అక్కడే దించాలి, ఆ కూలీ కూడా మనదే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మీటరు కన్నా ముందు ఛాసిస్ చూడండి. వెనక కమాను బ్రాకెట్ల చుట్టూ టార్చి వేసి, మట్టి గోకి, వెల్డింగ్ మచ్చ గానీ కొత్త నల్ల రంగు గానీ ఉందేమో వెతకండి. పట్టీలు లెక్కపెట్టండి, ఎల్‌ఎస్‌పీవీ కడ్డీ ఉందా, తీగ కట్టి ఉందా చూడండి. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీసి దాని మీదే బోర్లా పెట్టండి. మూత ఎగిరి పడుతుంటే, పొగ ఉబికి వస్తుంటే పిస్టన్ రింగుల పని ఉన్నట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించే మాట్లాడండి.