చెవుల శస్త్రచికిత్స చేయించుకున్నాక

ముందుకు పొడుచుకువచ్చిన నా చెవులకు ఓటోప్లాస్టీ, అంటే చెవుల ఆకారం సరిచేసే శస్త్రచికిత్స, చేయించుకున్నాను. చాలా తృప్తిగా ఉన్నాను. కత్తి పట్టక ముందు డాక్టరు చూపిన ఓపికకే నా మొదటి మార్కులు.

ఆయన నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, చెవి పైభాగాన్ని వేలితో మెల్లగా వెనక్కి నొక్కారు. అంతవరకూ చదునుగా ఉన్న చోట ఒక మడత లేచింది. "మీకు పుట్టుకతో ఏర్పడని మడత ఇదే" అన్నారు. తర్వాత స్కేలుతో చెవి అంచుకూ తలకూ మధ్య దూరం కొలిచారు. అది సుమారు 2 సెంటీమీటర్లు దాటితే చెవి పొడుచుకువచ్చినట్టు కనిపిస్తుందట. నాకు రెండు వైపులా దాటింది, అదీ సమానంగా కాదు. చెవులను తలకు అతికించినట్టు చేయనని ముందే చెప్పేశారు. ఎదురుగా చూసినప్పుడు చెవి బయటి అంచు కనబడాలి, లేకపోతే శస్త్రచికిత్స జరిగిందని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. అంతకుముందు నేను వెళ్లిన క్లినిక్‌లో ఈ ప్రస్తావనే రాలేదు. వాళ్లు చూపిన ఫొటోలన్నీ ఎదురుగా తీసినవే. పక్క నుంచి, వెనక నుంచి తీసినవి కూడా అడిగి చూడండి.

నాకు చెవి వరకే మత్తు ఇచ్చారు. చిన్నపిల్లలకైతే పూర్తి మత్తు ఇస్తారు. కోత చెవి వెనక మడతలో పెడతారు. నొప్పి తెలియలేదు కానీ, పని జరిగేది చెవి మీదే కదా, సూది మృదులాస్థిలో (చెవికి ఆకారమిచ్చే, వంగే ఎముకలాంటి భాగంలో) దూరడం, దారం బిగియడం అన్నీ వినిపిస్తాయి. ఆ చప్పుడు గురించి ముందుగా ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

తలకు కట్టు ఉన్నన్నాళ్లూ కళ్లజోడు పెట్టుకోవడం, పక్కకు ఒత్తిగిల్లడం కుదరదు. ఒక్క వైపే నొప్పి పెరుగుతూ పోతే లోపల రక్తం చేరిందేమోనని అనుమానించాలి, తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయాలి. కట్టు విప్పగానే వాచి, కమిలి ఉన్న చెవులను చూసి బెంగపడకండి. ఆ తర్వాత కొన్ని వారాలు రాత్రిళ్లు తలకు బ్యాండు పెట్టుకోవాల్సిందే. నిద్రలో చెవి ముందుకు మడతపడితే లోపలి కుట్లు తెగవచ్చు. చెవి పైభాగంలో తిమ్మిరి నాకు చాలాకాలం పోలేదు. వినికిడిలో మాత్రం ఏ తేడా రాలేదు.

పిల్లలకు సాధారణంగా 5, 6 ఏళ్లు వచ్చాకే చేస్తారు, అప్పటికి చెవి చాలావరకు ఎదిగి ఉంటుంది. ఆ కోరిక బిడ్డదా, మనదా అన్నది ముందు తేల్చుకోండి. పసికందులకైతే తొలి వారాల్లో మృదులాస్థి మెత్తగా ఉంటుంది కనుక, చిన్న అచ్చు అమర్చి కత్తి లేకుండానే సరిచేసే వీలుంది. ఆలస్యం చేయకుండా అడగండి.